పైబాణం

మంగళవారం పదకొండు గంటలకి కొత్తమ్మాయి తను రాసిన గ్రిడ్‌ని, కొత్త గళ్ళ స్క్రీనుని, చూపించడం మొదలుపెట్టింది. పదకొండుంబావుకల్లా గదిలో కుర్చీలన్నీ ఆమె వైపు జరిగాయి. గళ్ళ మేడం కుర్చీ మాత్రం ప్రింటరు పక్కనే ఉండిపోయింది.

అది రక్తపరీక్షల ల్యాబు. కింద శాంపిళ్ళు తీసుకుంటారు. మొదటి అంతస్తులో పరీక్షలు చేసి ఫలితాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఆ కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రాములు రాసేది రెండో అంతస్తులో. ఫలితాలు ఎక్కించే స్క్రీను తొమ్మిదేళ్ళ కిందట గళ్ళ మేడం రాసింది. మనిషికో అడ్డవరస, పరీక్షకో గడి. ఆ గళ్ళ వల్లే ఆమెకా పేరు వచ్చింది. మొదట్లో వెనకాల అనేవారు. తర్వాత ఎదురుగానే పిలిచారు, ఆమే పలికింది.

కొత్తమ్మాయి మాట్లాడకుండా చూపిస్తోంది. అంకెల గడిలో అక్షరం కొట్టింది, గడి తీసుకోలేదు. చక్కెర విలువ దగ్గర ఒక సున్నా ఎక్కువ కొట్టింది, గడి ఎర్రబడి ‘ఇంత ఉంటుందా?’ అని అడిగింది. వరసలో చివరి గడి నింపి ఎంటర్ నొక్కింది. నింపిన వరస ఉన్నచోటే ఉండి, కొంచెం మసకబారింది. కర్సరు కింది వరసలోకి దిగింది.

“ఇన్నాళ్ళూ మనం దేంతో నెట్టుకొచ్చామర్రా!” అన్నాడు మేనేజరు.

అందరూ నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. గళ్ళ మేడం కూడా కొట్టింది, మిగతావాళ్ళు ఆపేశాక రెండు సార్లు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె స్క్రీను నడిచిన రోజున అప్పటి మేనేజరు “సరే, వాడండి” అని ఫోను ఎత్తుకున్నాడు. చప్పట్లు కొట్టడానికి అప్పుడూ చేతులున్నాయి గదా అనుకుంది ఆమె.

“మేడం, మీరు శుక్రవారానికల్లా దీన్ని పరీక్షించి రిపోర్టివ్వాలి,” అన్నాడు మేనేజరు. “మీ సంతకం పడ్డాకే సోమవారం కింది గదికి దింపుదాం. మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు?”

పోయేవాళ్ళకి పూలదండ వేసినట్టుంది ఆ మాట. ఆమె తలూపింది.

మధ్యాహ్నం పక్క సీటతను ఏదో గడిలో తేదీ నిలవడం లేదని లేచాడు. లేచినవాడు ఎప్పటిలా ఎడమవైపుకి, ఆమె దగ్గరికి రాలేదు. కుడివైపు తిరిగి “అమ్మాయ్, ఒక్కసారి చూస్తావా?” అన్నాడు. ఆమె తెరమీద ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. అమ్మాయి వెళ్ళి, చూసి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. ఆ తేదీ తిప్పలు గళ్ళ మేడంకి కంఠతా వచ్చు.

సాయంత్రం ఇంట్లో కందిపప్పు డబ్బా మూత ఆమె చేతిలోంచి జారి రెండు సార్లు కింద పడింది. భర్త బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

“ఏంటీ, ఆఫీసులోకి సవతి దిగిందా?”

“సవతైతే సగమే తీసుకునేది.”

“అంత బావుందా ఆ పిల్ల పని?”

ఆమె మూత తీసి డబ్బాకి పెట్టింది. “బావుంది,” అంది.

“మరి బావుంటే బాధేంటి?”

“బావుండడమే.”

భర్త చొక్కా కాలరు తిప్పి నీళ్ళు చిలకరించాడు.

బుధవారం పొద్దున ఆమె తన నోటుపుస్తకం తెరిచింది. ఏ గ్రిడ్ వచ్చినా ఆమె చేసే పరీక్షలు నలభయ్యొకటి, వరస నంబర్లతో అందులో ఉన్నాయి. ట్యాబ్ నొక్కితే ఏ గడికి పోతుంది. వెనక్కి నొక్కితే ఎక్కడికి వస్తుంది. ఖాళీగా వదిలేస్తే ఏమంటుంది. సగంలో ఎస్కేప్ నొక్కితే పాత విలువ తిరిగొస్తుందా. అయిదు వందల వరసలున్నప్పుడు చివరికి పోయి తిరిగొస్తే మొదటి టిక్కు అలాగే ఉందా. ఒక్కోటీ చేసి ఒక్కో గీత పెట్టింది. గీత పెట్టిన ప్రతిసారీ పెన్ను కొంచెం గట్టిగా దిగింది. ముప్ఫయ్యారో పరీక్షకి కాగితం చిరిగింది.

ఒక్కటీ తప్పలేదు.

రెండున్నరకి, పరీక్షలో లేనిదొకటి, కావాలని చేసింది కాదు, జరిగింది. ‘ఫలితం’ అనే గడిలో నాలుగు మాటల జాబితా ఉంటుంది: నెగటివ్, పాజిటివ్, మళ్ళీ పరీక్ష, శాంపిల్ చాలదు. ఆమె ఆ గడిలో నెగటివ్ ఎంచుకుని, కింది వరసలు చూద్దామని మౌసు మీది చక్రం తిప్పింది. వరసలు కదల్లేదు. నెగటివ్ కాస్తా పాజిటివ్ అయింది.

ఆమె చేయి తీసేసింది. మళ్ళీ పెట్టింది. చక్రం ఒక్క పంటి మేర వెనక్కి తిప్పింది. నెగటివ్. ముందుకి తిప్పింది. పాజిటివ్. వెనక్కి తిప్పింది. నెగటివ్. చప్పుడు లేదు, రంగు లేదు, అడగడం లేదు. నాలుగు సార్లు చేసి చూసింది. నాలుగు సార్లూ అంతే.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దున్నించీ మొదటిసారి ఆకలేసింది. డబ్బా తెరిచి రెండు ముద్దలు తింది.

“ఏమైనా దొరికిందా మేడం?” కొత్తమ్మాయి వెనక నిలబడి ఉంది. చేతిలో నీళ్ళ సీసా ఉంది. గోళ్ళు కొరుక్కుంటుందని అప్పుడే చూసింది గళ్ళ మేడం.

“ఇంకా చూస్తున్నా.”

“ఏదున్నా చెప్పండి. చిన్నదైనా సరే.”

“ఉంటే చెప్పనా?”

అమ్మాయి వెళ్ళిపోయింది. గళ్ళ మేడం నోటుపుస్తకంలో నలభైరెండు అని అంకె వేసింది. ఎదురుగా ఏమీ రాయలేదు.

సోమవారం తెరుచుకుంటుంది ఆ స్క్రీను. మేనేజరు పక్కనే నిలబడతాడు. ఎవరో ఒకరు చక్రం తిప్పుతారు. అందరి కళ్ళముందూ నెగటివ్ పాజిటివ్ అవుతుంది. అప్పుడు ఎవరు ఎడమవైపు తిరుగుతారో, ఎవరు కుడివైపు తిరుగుతారో చూడాలి. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ పాజిటివ్ ఎవరి కంటా పడకుండా కాగితం మీద అచ్చయి ఎవరింటికో పోతే? ఈ ప్రశ్న ఆమెతోపాటు బస్సెక్కింది, ఆమెతోపాటు దిగింది. పడుకోబోయే ముందు ఒక ఒప్పందానికొచ్చింది. రేపు కింది గదికి పోయి చూడాలి. అక్కడ ఎవరూ చక్రం తిప్పరని తేలితే నోరు మెదపనక్కర్లేదు. తిప్పుతారంటే అప్పుడు చూసుకోవచ్చు.

గురువారం పదింటికి ఆమె మెట్లు దిగింది. ఎంట్రీ గదిలో నాలుగు కంప్యూటర్లున్నాయి. కిటికీ దగ్గర సీటు స్కేలక్కది. యాభై దాటిన మనిషి. మైక్రోస్కోపు కింద చూసి చేత్తో రాసిన కాగితాల మీద స్టీలు స్కేలు పెట్టి, వరస తర్వాత వరస కిందికి జరుపుకుంటూ కొడుతుంది కాబట్టి ఆ పేరు. ఎడమచేయి స్కేలు మీద, కుడిచేయి అంకెల మీటల మీద. కళ్ళు కాగితం మీదే.

“ఏంటి మేడం, దారి తప్పారా?” అంది చేయి ఆపకుండా.

“ఊరికే అక్కా. మీరు పనిచేస్తుంటే చూద్దామని.”

“తొమ్మిదేళ్ళకి గుర్తొచ్చామన్నమాట. ఆ స్టూలు లాక్కోండి. అమ్మలు కూర్చునేది దాని మీదే.”

“అమ్మలెవరు?”

“మీ కొత్తమ్మాయి. రెండు వారాలు ఇక్కడే పడుంది. మీకు చెప్పలేదా?”

చెప్పలేదు. గళ్ళ మేడం స్టూలు మీద కూర్చుంది. ఒక కాలు పొట్టిది. దాని కింద ఎవరో అట్టముక్క మడిచి పెట్టారు. అమ్మలు. తనని ఈ గదిలో ఎవరూ మేడం తప్ప ఇంకో పేరుతో పిలిచిన గుర్తు లేదు.

ఆమె మౌసు కోసం చూసింది. అది మానిటరు వెనక, తీగ చుట్టి ఉంది. మీద దుమ్ము.

“మౌసు వాడరా?”

“దానికి చేయి పోయి రావాలిగా. అంతసేపట్లో ఒక వరస అయిపోద్ది. మేం నలుగురం ఎవరం ముట్టుకోం.”

అయితే చక్రం తిప్పేవాళ్ళు లేరు. నిన్నటి నుంచి దాచుకున్నది ఈ గదిలో చెల్లని నాణెం. ఆమె లేచి వెళ్ళిపోయుండేదే. కానీ వచ్చినదాన్ని ఊరికే ఎందుకు పోవాలనుకుని, స్కేలక్క కంప్యూటర్లో కొత్త స్క్రీను పరీక్ష కాపీ తెరిచింది.

“పాత కాగితాలు ఓ పది దీంట్లో కొట్టి చూపిస్తారా?”

“ఓ, అమ్మలు గ్రిడ్డా! అయ్యిందా?” స్కేలక్క కళ్ళజోడు సర్దుకుని కాగితం మీద స్కేలు పెట్టింది. మీటలు ఒకే లయలో మోగాయి. ఎనిమిది నిమిషాల్లో పది వరసలు అయిపోయాయి. స్కేలక్క తలెత్తింది.

తెరమీద ఒక్క వరసే నిండి ఉంది. మిగతా తొమ్మిదీ ఖాళీ.

గళ్ళ మేడం ముందుకి వంగింది. మొదటి మనిషి పేరు ఎదురుగా పదో మనిషి అంకెలున్నాయి. పది కాగితాలూ ఒకే వరసలో, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆమెకి ఒళ్ళంతా వెచ్చబడింది. చక్రం ఏపాటిది దీని ముందు! పది మంది ఫలితాలు ఒక మనిషి నెత్తిన పోసింది అమ్మలు గ్రిడ్. సోమవారం దాకా ఆగక్కర్లేదు. ఇప్పుడే మేనేజర్ని పిలిచి ఈ తెర చూపించవచ్చు.

“మళ్ళీ కొట్టండక్కా,” అంది. గొంతులో సంతోషం ఆమెకే వినబడింది. “మెల్లగా.”

ఈసారి ఆమె తెర వదిలేసి చేయి చూసింది. స్కేలక్క వరస నింపి ఎంటర్ నొక్కింది. కర్సరు కిందికి దిగింది. వెంటనే, ఎంటర్ నొక్కిన చేతిదే ఉంగరపు వేలు, పక్కకి వాలి పైబాణం మీట ఒకసారి తాకింది. కర్సరు నింపిన వరసలోకే తిరిగొచ్చింది.

“ఆగండి. పైకెందుకెళ్ళారు?”

“ఎక్కడికి?”

“పైబాణం నొక్కారు.”

స్కేలక్క తన వేలి వంక చూసుకుంది. “అయ్యో రామా,” అని నవ్వింది. “ఇందులో అక్కర్లేదని అమ్మలు చెప్తూనే ఉంది. నాకు తెలుసు మేడం. వేలికి తెలీదు.”

“అసలు ఎందుకు నొక్కుతారు?”

స్కేలక్క నవ్వు ఆపింది. ఈ ప్రశ్న ఈమె అడుగుతుందని అనుకోనట్టు చూసింది.

“మీ గళ్ళు దూకుతాయి కదా మేడం.”

“దూకడమేంటి?”

స్కేలక్క పాత స్క్రీను తెరిచింది. నాలుగో వరసలో చివరి గడి నింపి ఎంటర్ నొక్కింది. పని పూర్తయిన వరసలు అడుక్కి పోవాలని, మిగిలినవే పైన కనబడాలని తొమ్మిదేళ్ళ కిందట రాసింది గళ్ళ మేడమే. నాలుగో వరస అడుక్కి పోయింది. అయిదో వరస పైకి జరిగి దాని చోటులో కూర్చుంది. కర్సరు మాత్రం తన లెక్కన కిందికి దిగింది. దిగిన చోట ఇప్పుడున్నది ఆరోవాడు.

“చూశారా? అయిదోవాణ్ణి దాటేసింది. అందుకని ఒకసారి పైకి నొక్కాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు మేం నేర్పే మొదటి పాఠం ఇదే. కుర్చీ ఎత్తు సర్దుకోవడం కూడా దీని తర్వాతే.”

గళ్ళ మేడం పరీక్షలు నలభయ్యొకటి. వరస అడుక్కి పోతుందా లేదా అన్నది వాటిలో పంతొమ్మిదోది. ఒక్క వరస నింపేది. అది అడుక్కి పోయేది. గీత పెట్టేది. రెండో వరస ఎప్పుడూ నింపలేదు.

“ఎప్పుడైనా నొక్కడం మర్చిపోతే?” అని అడిగింది. అడుగుతుండగానే జవాబు తెలిసింది.

“మర్చిపోయాగా. మూడేళ్ళయింది. మధ్యలో ల్యాబు నుంచి ఫోనొచ్చింది, ఎత్తాను, పెట్టాను, వేలు మర్చిపోయింది. అక్కణ్నుంచి పదకొండు మంది ఫలితాలు ఒక్కో వరస జరిగిపోయాయి. విచారణ పెట్టారు. మీరే కదా చూసింది?”

మూడో అంతస్తు లేని ఆ భవనంలో పై నుంచి వచ్చిన కాగితమంటే రెండో అంతస్తు నుంచి వచ్చిందే. కంప్యూటరు దాచిన లెక్కలో ఆమె మీట మీటా చూసింది ఆ రోజు. ఏ నిమిషానికి ఏ గడిలో ఏ అంకె పడిందో పట్టిక వేసింది. కింద ఒక వాక్యం రాసింది: ‘ఎంట్రీ పొరపాటు. ప్రోగ్రాములో లోపం లేదు.’

“ఆ ఏడాది షిఫ్టు ఇన్‌చార్జి అవ్వాల్సింది నేను,” అంది స్కేలక్క. స్కేలు తీసి కాగితం మీద సరిచేసింది. “మెమో పడ్డవాళ్ళకి ఇవ్వరుగా. ఇక నా కాగితాలు కొట్టుకోనా మేడం? పన్నెండింటికి అచ్చుకి పోవాలి.”

“అప్పుడు చెప్పలేకపోయారా, గళ్ళు దూకుతాయని?”

“చెప్పాను. ప్రోగ్రాములో లోపం లేదని రాసిచ్చారు.”

శుక్రవారం పొద్దున కొత్తమ్మాయి ఇంకా బ్యాగు దించకముందే గళ్ళ మేడం ఆమె సీటు దగ్గరికి వెళ్ళింది.

“పైబాణం సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?”

అమ్మాయి బ్యాగు పట్టీ భుజం మీదే ఉండిపోయింది. “నాలుగు నెలల్నించి.”

“ఎవరికి చెప్పావు?”

“ఎవరికీ చెప్పలేదు.”

“ఎందుకు?”

“వచ్చి నెల కూడా కాలేదప్పుడు. వస్తూనే మీ గ్రిడ్లో తప్పు పట్టానంటే ఈ గదిలో నాతో ఎవరు మాట్లాడతారు మేడం? కొత్తది వస్తే ఎలాగూ పాతది పోతుందిగా, అప్పుడు దాంతోపాటే పోతుందనుకున్నా.” వేలి గోరు నోటి దాకా వెళ్ళి ఆగింది. “మెమో సంగతి స్కేలక్క చెప్పింది. అప్పుడైనా చెప్పాల్సింది. భయమేసింది.”

గళ్ళ మేడం ఆ పిల్లని తిట్టడానికే వచ్చింది. తిట్టు నోట్లోనే ఉంది. కానీ తన నోటుపుస్తకంలో నలభైరెండు ఎదురుగా ఇంకా ఖాళీయే ఉంది.

“నీ గ్రిడ్ తెరువు,” అంది కుర్చీ లాక్కుంటూ. “ముందు చక్రం సంగతి చూపిస్తాను. బుధవారమే చూశాను. చెప్పలేదు.”

అమ్మాయి తలెత్తి చూసింది. ఎందుకని అడగలేదు. అడక్కపోవడం కూడా గళ్ళ మేడంకి గుచ్చుకుంది.

చక్రం పావుగంటలో తేలిపోయింది. జాబితా తెరిచి ఉంటే తప్ప తిప్పినా మారకుండా ఆ అమ్మాయి రెండు లైన్లు రాసింది. ఆ రెండు లైన్లూ ఎంత శుభ్రంగా ఉన్నాయో చూసి గళ్ళ మేడం మళ్ళీ పెన్ను గట్టిగా పట్టుకుంది. పది మంది ఒక వరసలో పడ్డ సంగతి మాత్రం పావుగంటలో తేలేది కాదు.

“పైబాణాన్ని పనిచేయకుండా ఆపేద్దామా?” అంది అమ్మాయి.

“నిజంగా పైకి వెళ్ళాల్సినప్పుడో?”

“మరి వాళ్ళకి ఇంకోసారి చెప్తే?”

“నువ్వు చెప్పావుగా. వేలికి చెవులుండవు.” గళ్ళ మేడం కుర్చీ ముందుకి జరుపుకుంది. “పూర్తయిన వరసకి తాళం వేద్దాం. పైకి వెళ్ళనీ, చూడనీ. అంకె కొడితే మాత్రం తీసుకోకూడదు, ఒక చప్పుడు చేయాలి. దిద్దాలంటే ఎఫ్-టూ నొక్కి తెరవాలి.”

“దిద్దడానికి ఒక మీట ఎక్కువవుతుంది మేడం.”

“అవుతుంది. రోజుకి ఎన్ని దిద్దుతారు? పది. ఎన్ని కొడతారు? ఆరువందలు.”

అమ్మాయి చప్పున తిరిగి రాయడం మొదలుపెట్టింది. ఈసారి పదమూడు వరసలతో పరీక్షించారు.

నాలుగింటికి గళ్ళ మేడం రెండు కాగితాలు మేనేజరు బల్ల మీద పెట్టింది. మొదటిది కొత్త స్క్రీను రిపోర్టు. ఆయన చివరి పేజీ తిప్పి సంతకం చూసుకున్నాడు. రెండోది, మూడేళ్ళ కిందటి విచారణ మీద రాసింది, చదివి తలెత్తాడు.

“ఇదెందుకు మేడం? పాత స్క్రీను సోమవారం పోతోంది. ఎవరికీ గుర్తు కూడా లేదు.”

“మెమో ఫైల్లో ఉంది సార్.”

“మీ తప్పని మీరే రాసిస్తున్నారు. మీ ఫైల్లోకి కూడా వెళ్తుంది ఇది.”

“తెలుసు.”

“పోనీ ఆవిడకి నోటిమాటగా సారీ చెప్పేయండి, సరిపోతుంది.”

“అప్పుడు నేను రిపోర్టు నోటిమాటగా ఇవ్వలేదు సార్.”

ఆయన పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసి, మెమో రద్దు చేస్తున్నట్టు రాసి సంతకం చేశాడు. షిఫ్టు ఇన్‌చార్జి సంగతి అడిగితే అది ఎప్పుడో వేరేవాళ్ళకి అయిపోయిందన్నాడు.

సోమవారం తొమ్మిదింటికి కొత్త స్క్రీను కింది గదిలో తెరుచుకుంది. మేనేజరు వచ్చాడు, నిలబడ్డాడు, కొత్తమ్మాయి భుజం తట్టి వెళ్ళాడు. ఎంట్రీ గదిలో మీటలు మొదలయ్యాయి. అయిదు నిమిషాలకి నాలుగు కంప్యూటర్లూ కప్పల్లా అరవడం మొదలుపెట్టాయి.

“ఇదేం గోలే!” అని పక్క సీటావిడ కేకేసింది.

“అరుస్తున్నది అది కాదు, నీ వేలే,” అంది స్కేలక్క. నవ్వుతోంది. వేలు పైకి పోతోంది, మీట కొడుతోంది, తెర అరుస్తోంది, వేలు కిందికి వస్తోంది. ఒక్క అంకె కూడా తప్పు వరసలో పడలేదు.

“ఈ తాళం బుర్ర నీదేనా అమ్మలూ?”

కొత్తమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. నోరు తెరిచింది. గళ్ళ మేడం ఆమెనే చూస్తోంది. శుక్రవారం నుంచి తను ఈ ఒక్క ప్రశ్న కోసమే ఎదురుచూస్తోందని అప్పుడు తెలిసింది మేడంకి.

“మేడంది,” అంది అమ్మాయి.

స్కేలక్క “ఓహో” అంది. అంతే. మీటలు ఆగలేదు.

గళ్ళ మేడం మడిచిన కాగితం తీసి స్కేలు పక్కన పెట్టింది. స్కేలక్క ఆ వరస పూర్తిచేసి, కళ్ళజోడు పైకి నెట్టి చదివింది. రెండు సార్లు చదివింది. మడతల మీదే మళ్ళీ మడిచి, సొరుగులో టిఫిను డబ్బా కింద పెట్టింది.

“ఇది మూడేళ్ళ కిందట రావాల్సింది మేడం.”

“అవునక్కా.”

“ఇప్పుడు దీంతో ఇన్‌చార్జి అవుతానా?”

“అవ్వరు. అడిగాను.”

స్కేలక్క తలూపింది. ఏడవలేదు, కోప్పడలేదు, పర్వాలేదని కూడా అనలేదు. కాగితం మీద స్కేలు కిందికి జరిపింది. వేలు పైబాణం మీదికి పోయింది, అంకె కొట్టగానే తెర అరిచింది.

“అమ్మలూ, ఇటు రా. ఈ గడి ఎర్రబడింది చూడు.”

కొత్తమ్మాయి వచ్చి స్టూలు మీద కూర్చుంది. అట్టముక్క మడిచిన కాలు ఎటుందో చూడకుండానే దానికి తగ్గట్టు ఒరిగింది. ఇద్దరి తలలూ తెర ముందు దగ్గరికి వచ్చాయి. గళ్ళ మేడం వాళ్ళ వెనక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది. చప్పట్ల రోజు మండినట్టే మండింది. అప్పుడు గ్రిడ్ చూసి. ఇప్పుడు పొట్టి కాలున్న స్టూలు చూసి.

“అలా నెత్తిమీద నిలబడకండి మేడం, నాకు చేయి ఆడదు,” అంది స్కేలక్క వెనక్కి తిరక్కుండానే. “ఉంటానంటే కుర్చీ తెచ్చుకోండి. ఇంకా ఎనభై వరసలున్నాయి.”

ఎంట్రీ గదిలో అదనంగా కుర్చీ లేదు. గళ్ళ మేడం రెండో అంతస్తుకి వెళ్ళింది. తన సీటు దగ్గరి చక్రాలున్న కుర్చీని బల్ల కిందనుంచి లాగింది. పక్క సీటతను సాయం పట్టనా అన్నాడు, వద్దంది. కుర్చీని రెండు చేతులా పట్టుకుని ఒక్కో మెట్టే దింపుకుంటూ వచ్చింది. మెట్టు మెట్టుకీ చక్రాలు తట్టుకుని చప్పుడయ్యాయి. కింది గదిలోంచి తెర అరుపు వినబడింది, ఒకసారి, ఆగి ఇంకోసారి.